పొయ్యి పక్క వినబడిన పేర్లు

మా అమ్మ ప్రార్థన నేను ఎదురుగా కూర్చుని విన్నది తక్కువ. పక్కమీద దొంగనిద్ర పోతూ విన్నదే ఎక్కువ.

కోడి రెండోసారి కూసే వేళకి అమ్మ లేచేది. రాత్రి బూడిదలో కప్పెట్టిన నిప్పు కెలికి, రెండు తాటాకులు పెట్టి, గొట్టంతో ఊదేది. మంట అందుకున్నాక పీట పక్కకి జరిపి, పేడతో అలికిన నేల మీద మోకాళ్లూని, తలమీదికి కొంగు లాక్కునేది. గొంతు పెద్దగా ఉండేది కాదు. పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడినట్టే ఉండేది. మొదట నాన్న పేరు, తర్వాత అక్క, తర్వాత నేను, తమ్ముడు, చెల్లి. ఒక్కొక్కరికీ ఒక్కో మాట. అక్కకి దగ్గు తగ్గాలని, తమ్ముడికి చీకటంటే భయం పోవాలని. నా వంతు వచ్చేసరికి ఎప్పుడూ ఒకటే: "పెద్దోడికి లెక్కలు రావు ప్రభువా, వాడి బుర్ర తెరువు." దుప్పటి కింద నాకు సిగ్గేసేది. కానీ నా పేరు వచ్చేదాకా మళ్లీ నిద్ర పట్టేది కాదు. మా లెక్కల మేస్టారికి తప్ప ఇంకెవరికీ తెలియదనుకున్న నా అవస్థ, రోజూ తెల్లారకముందే దేవుడి ముందుకు వెళ్లిపోతోందన్నమాట.

మా పేర్లయ్యాక ఊళ్లో వాళ్ల పేర్లు. వాటిలో ఒక పేరు నాకు గిట్టేది కాదు. మాది రేపల్లెకు ఐదారు మైళ్ల దూరంలో ఉన్న డెల్టా పల్లె. నాన్న మిషన్ వారి ఎయిడెడ్ ఎలిమెంటరీ బడిలో పంతులు. గ్రాంటు రాని నెలల్లో జీతమూ వచ్చేది కాదు. అందుకని పంతులుగారి భార్య అయినా అమ్మ నాట్లకీ కోతలకీ వెళ్లేది. ఒక ఆసామి కూలి గింజలు కొలిచేటప్పుడు కుంచం నిండకుండానే చేత్తో తుడిచేసేవాడు. ఆ ఆసామి పేరు అమ్మ ప్రార్థనలో రోజూ వచ్చేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను, ఆయన కోసం ఎందుకు చేస్తావమ్మా అని. అమ్మ చేట చెరుగుతూనే, "ఆయన పేరు అక్కడ పెడితే నా కడుపులో మంట తగ్గుద్దిరా" అంది. అంతకుమించి చెప్పలేదు. కుంచం గురించి నాన్నతో మాత్రం గట్టిగా మాట్లాడేది, ఆసామి మొహమ్మీద అడిగిన రోజులూ ఉన్నాయి. ప్రార్థన చేస్తున్నాం కదా అని కూలి వదులుకున్న మనిషి కాదు మా అమ్మ.

సాయంత్రం ప్రార్థన నాన్నది. అన్నాలు తినకముందే, హరికేన్ లాంతరు మధ్యలో పెట్టి, చాప పరిచి, అందర్నీ కూర్చోబెట్టేవాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో చాలా పాటల నెత్తిన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. నాన్నకి సంగీతం రాదు, అయినా రాగం పేరు చదివాకే పాట మొదలుపెట్టేవాడు. మాకు పాటలు మొదటి మాటతో కాదు, నంబరుతో గుర్తు. పురుషోత్తమ చౌదరి గారు రాసిన పాటంటే నాన్న వీపు నిటారుగా అయిపోయేది. పాటలయ్యాక బైబిలు, ఆ తర్వాత లూథరు చిన్న ప్రశ్నోత్తరి.

మాది లూథరన్ సంఘం. 1842 జులై 31న మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టాడని మాకు సండే స్కూల్లో పుట్టినరోజు చెప్పినంత ఖాయంగా చెప్పేవారు. మా నాయనమ్మకి అరుగు మీద కూర్చోబెట్టి అక్షరాలు నేర్పింది ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే బైబిలు స్త్రీ. ఊరి బడి మావాళ్లని గడప తొక్కనివ్వని కాలంలో మా పల్లెలోకి చదువు బైబిలుతోపాటు వచ్చింది. అందుకే మా ఇంట్లో చదువూ భక్తీ రెండు వేరువేరు సంగతులుగా ఎప్పుడూ లేవు.

ఆ ప్రశ్నోత్తరి గురించి ఒక మాట చెప్పాలి. లూథరు సాక్సనీలో ఊరూరా తిరిగి సంఘాలను చూసి, జనానికి పది ఆజ్ఞలూ ప్రభువు ప్రార్థనా కూడా రావని గమనించి బాధపడి, 1529లో ఆ చిన్న పుస్తకం రాశాడు. పాస్టర్లకే కాదు, ఇంటి యజమానికీ రాశాడు. ఏ భాగానికి ఆ భాగం పైన, ఇంటి పెద్ద తన ఇంటివాళ్లకి దీన్ని ఎలా తేటగా నేర్పాలో చెబుతున్నానని ఉంటుంది. ఒక్కో ఆజ్ఞ చెప్పించి, వెంటనే దాని అర్థమేమిటని అడగాలి. నాన్న ఆ పని బహు శ్రద్ధగా చేసేవాడు. ఒంగోలు వైపు బాప్టిస్టు సంఘంలో ఉన్న మా మేనత్త పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు పెద్ద పేచీ వచ్చేది. దొంగతనం చేయకూడదన్నది మా లెక్కలో ఏడో ఆజ్ఞ, వాళ్ల లెక్కలో ఎనిమిదోది. మీది తప్పంటే మీది తప్పని కొట్లాడుకునేవాళ్లం. నాన్న రెండు పక్షాలకీ నచ్చజెప్పేవాడు, ఎన్నోదైతేనేం, చేయకూడదన్నది ఒకటే కదా అని.

ఆ ఏడో ఆజ్ఞే నాకు ఎనిమిదో ఏట అడ్డంపడింది.

మా వంటింట్లో మూలన ఒక చిన్న మట్టికుండ ఉండేది. దాన్ని దేవుని కుండ అనేవాళ్లం. పూటపూటా అమ్మ బియ్యం కొలిచి, చేటలో చెరిగి, ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి ఆ కుండలో వేసేది. మా పల్లెలో సంఘస్థుల ఇళ్లన్నిటా ఉన్న అలవాటే. నెలాఖరున ఆడవాళ్లు ఆ బియ్యం గుళ్లోకి తెచ్చేవారు. స్త్రీల సమాజం వాటిని అమ్మి, వచ్చిన డబ్బు విధవరాళ్లకీ బైబిలు స్త్రీ జీతానికీ ఇచ్చేది. ఇంట్లో బియ్యం నిండుకున్న రోజు కూడా అమ్మ ఆ కుండలో చెయ్యి పెట్టగా నేను చూడలేదు. అరువు తెచ్చిన బియ్యంలోంచి కూడా పిడికెడు తీసేది.

ఆ వేసవిలో పుల్ల ఐస్ వాడు సైకిలు మీద డబ్బా కట్టుకుని రోజూ వచ్చేవాడు. డబ్బుల్లేకపోతే బియ్యం పోసినా ఐస్ ఇచ్చేవాడు. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ ఉండరు. మొదటిరోజు గుప్పెడే తీశాను. ఆరు రోజులు తీశాను. ఐస్ తిని పుల్ల అక్కడే పారేసేవాణ్ని. మా తమ్ముడికి ఆ పుల్లలంటే సరదా, ఏరి తెచ్చుకుని బండి కట్టి ఆడుకునేవాడు. వాడి చాప కింద ఎర్రరంగు అంటిన పుల్లలు దొరికాయి. కుండ తేలికగా ఉందని అమ్మ కనిపెట్టేసింది. నాన్న తమ్ముణ్ని పిలిచాడు. వాడికప్పుడు ఆరేళ్లు. నేను తీయలేదు, నేను తీయలేదు అంటూనే ఉన్నాడు. నాన్న చింతబరికెతో మూడు దెబ్బలు వేశాడు. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. నోరు విప్పలేదు.

మూడో రాత్రి ప్రశ్నోత్తరిలో ఏడో ఆజ్ఞ వచ్చింది. నాన్న కావాలని పెట్టింది కాదు, వరసలో వచ్చిందే. ఆజ్ఞ చెప్పాను. అర్థమేమిటన్నాడు. నాకు నిద్రలో లేపినా వచ్చే అర్థం అది. గొంతు పెగల్లేదు. ఏడుపొచ్చేసింది. ఏడుస్తూనే అంతా చెప్పేశాను.

ఇక బరికె నా వైపు వస్తుందని చేతులు అడ్డం పెట్టుకున్నాను. నాన్న లేవలేదు. లాంతరు కొంచెం పక్కకి జరిపి, మోకాళ్ల మీదే తమ్ముడి దగ్గరికి జరిగాడు. వాడి రెండు చేతులూ పట్టుకుని, "నాయనా, చేయని తప్పుకి నిన్ను కొట్టాను. నువ్వు నిజం చెబుతుంటే వినలేదు. నన్ను క్షమిస్తావా?" అన్నాడు. వాడికి అది అర్థం కాక భయపడి అమ్మ కొంగు చాటుకి పోయాడు. నాన్న అలాగే చేతులు చాపి ఉన్నాడు. కాసేపటికి వాడు తల బయటపెట్టి, "సరే నాన్నా" అన్నాడు. అప్పుడు నాన్న కళ్లు మూసుకుని, దేవుడితో కూడా అదే మాట చెప్పాడు. నేను నా కొడుకుని అన్యాయంగా కొట్టాను అని, మా నలుగురూ వింటుండగా.

1972లో మా పల్లెలో తండ్రి కొడుకుని క్షమించమని అడగడం నేను ఎక్కడా చూడలేదు. తర్వాత కూడా చాలా తక్కువ చూశాను. దేవుడి ముందు మనుషులంతా ఒక్కటే అని పాస్టరుగారు ఎన్ని ఆదివారాలు చెప్పారో లెక్కలేదు. ఆ రాత్రి చాప మీద, మా నాన్నకంటే పైన ఇంకొకరున్నారని నేను కళ్లతో చూశాను. ఆయన్ని నాన్న నమ్ముతున్నాడని కూడా.

నాకు శిక్ష లేకపోలేదు. తీసిన బియ్యం తిరిగి నింపాలి, అదీ నా అన్నం వంతులోంచి. నెల రోజులు రాత్రిపూట అమ్మ నా వంతు బియ్యంలోంచి పిడికెడు తీసి నా చేతికిచ్చేది, నేను వెళ్లి కుండలో వేసేవాణ్ని. రెండో రోజునుంచి నాన్న కూడా తన వంతులోంచి ఒక పిడికెడు ఇచ్చి, "ఇదీ వెయ్యి" అనేవాడు. ఎందుకని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. అక్క అడిగింది. తొందరపడి కొట్టిన చెయ్యి కదమ్మా ఇది అన్నాడు.

ఆజ్ఞల్లో నాన్నని అన్నిటికంటే ఎక్కువ పరీక్షించింది మాత్రం ఏడోది కాదు, ఎనిమిదోది. అబద్ధసాక్ష్యం గురించినది.

1975లో నా ఐదో తరగతి అయిపోయింది. హైస్కూల్లో చేర్చాలంటే టీసీ కావాలి, ఆ టీసీ రాయాల్సింది మా నాన్నే. కులం, మతం అన్న గళ్ల దగ్గరికొచ్చి పెన్ను ఆగింది. కారణం పెద్దవాళ్లకి తెలుసు, మాకు అప్పుడప్పుడే తెలుస్తోంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడికి ఎస్సీ హోదా లేదు. 1956లో సిక్కులకీ, చాలా ఏళ్ల తర్వాత 1990లో బౌద్ధులకీ ఆ తలుపు తెరిచారు. క్రైస్తవులకి తెరవలేదు. మన రాష్ట్రంలో 1970 నుంచి మాలాంటివాళ్లకి బీసీ-సీ అని ఒక్క శాతం రిజర్వేషన్ ఇచ్చారు. అదే పల్లెలో, అదే అంటరానితనం పడుతూ, అదే కుంచంతో కూలి కొలిపించుకునేవాడికి, మతం గడిలో నిజం రాస్తే అప్పట్లో స్కాలర్‌షిప్పు పోయేది, హాస్టల్లో సీటు పోయేది, రేపటి ఉద్యోగమూ పోయేది. అందుకని మా సంఘంలో చాలామంది పిల్లలు రిజిస్టర్లో హిందువులే. వాళ్ల పేర్లు రాసింది కూడా నాన్నే, తల్లిదండ్రులు ఏది చెబితే అది.

ఆ సాయంత్రం సంఘపెద్దల్లో ఒక తాతయ్య అరుగు మీద కూర్చుని, "పెన్ను నీ చేతిలోనే ఉంది గదా పంతులూ, పిల్లోడి బతుకు చూసుకో" అన్నాడు. ప్రేమతో అన్న మాటే. ఆ రాత్రి అమ్మా నాన్నా వాదించుకోవడం విన్నాను. అమ్మ ఎస్సీ అని రాయమంది. దేవుడికి మన సంగతి తెలుసు, కాగితం మీద ఏముంటే ఏంటి అంది. నాన్న, "దేవుడికి తెలుసే. పిల్లోడికి కూడా తెలుసుగా" అన్నాడు. అమ్మ ఏడ్చింది. పొద్దున్నే నాన్న మతం గడిలో క్రైస్తవుడు అని రాసి, సిరా ఆరేదాకా కాగితం చేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

ఆ రాత ఊరికే పోలేదు. అక్క ఇంటర్ దగ్గరే ఆగిపోవడానికి అదొక కారణం. ఆ సంగతి తలుచుకుంటే నాన్నకి కూడా కళ్లు చెమ్మగిల్లేవి.

నన్ను మలిచింది ఆ సంతకం ఒక్కటే కాదు, ఆ తర్వాత జరిగింది కూడా. హైస్కూల్లో నా స్నేహితులకి స్కాలర్‌షిప్పు వచ్చింది, నాకు రాలేదు. కడుపు మండి ఒకరోజు సాయంత్రం ప్రార్థనకి ముందు అనేశాను, వాళ్లంతా అబద్ధాలు రాయించుకున్నారు, వాళ్లేం క్రైస్తవులు అని. నాన్న ఎప్పుడూ లేనంత గట్టిగా, "ఆపు" అన్నాడు. ప్రశ్నోత్తరి తెరిచి ఎనిమిదో ఆజ్ఞ అర్థం చదివించాడు. లూథరు అక్కడ అబద్ధం ఆడొద్దనడంతో సరిపెట్టలేదు. పొరుగువాడి తరఫున మాట్లాడమంటాడు, వాడు చేసినదానికి మంచి అర్థమే తీసుకోమంటాడు. నాన్న పుస్తకం మూసి, "వాళ్లకి నెలజీతం లేదురా. ఆలస్యంగానైనా నాకు వస్తుంది. ఆకలితో ఉన్నవాణ్ని అలాంటి గడి ముందు నిలబెట్టినవాడిది తప్పు. వాళ్లని ఇంకోసారి అన్నావో, నేను రాసిన నిజం కూడా చెడిపోద్ది" అన్నాడు.

యాభై ఏళ్లు దాటినా నాకు అంతకంటే మంచి పాఠం దొరకలేదు. నిజం చెప్పడం నేర్పే తల్లిదండ్రులున్నారు. ఆ నిజంతో పక్కవాణ్ని కొట్టకూడదని నేర్పేవాళ్లు తక్కువ. నిష్ఠగల ఇళ్లలో పెరిగి, పెద్దయ్యాక చర్చి వైపు తిరిగి చూడని పిల్లల్ని చాలామందిని చూశాను. వాళ్ల ఇళ్లలో నియమాలకు లోటు లేదు. ఎదుటివాడి మీద జాలికే లోటు.

1977 నవంబరు 19, శనివారం. ఆ ఉప్పెన గురించి కొత్తగా చెప్పాల్సిందేముంది, దివిసీమలో వేలమంది పోయారు. మా పల్లె సముద్రానికి కొంత లోపలికి ఉండబట్టి మా దాకా అల రాలేదు, గాలే వచ్చింది. తాటాకు కప్పులు ఒక్కటి మిగల్లేదు. మా పల్లెలో గట్టి కట్టడం గుడి ఒక్కటే. మేమంతా అందులోనే ఉన్నాం. అర్ధరాత్రి దాటాక ఊళ్లోంచి కూడా జనం వచ్చారు, పెంకుటిళ్ల వాళ్లు, మా పల్లెలోకి ఎన్నడూ అడుగుపెట్టనివాళ్లు. వాళ్లలో ఆ ఆసామి భార్య ఉంది, తడిసి ముద్దయిపోయి, చంకలో మనవరాలితో. అమ్మ తన పొడిచీర ఆ పిల్లకి చుట్టింది.

మర్నాడు ఆదివారం. గంట కొట్టలేదు, ఆరాధన లేదు. ఆడవాళ్లు ఎవరి ఇంటి శిథిలాల్లోకి వాళ్లు వెళ్లి దేవుని కుండలు వెతికి తెచ్చారు. మాది పగిలిపోయింది, అడుగున నాలుగు గుప్పెళ్లు పొడిగా మిగిలాయి. అన్నీ ఒకే అండాలో పోసి గంజి కాచారు. ముందు ఊళ్లో పిల్లలకి పోశారు, వాళ్లు చలికి ఎక్కువ వణుకుతున్నారని. ఆసామి భార్య గంజిముంత రెండు చేతులతో పట్టుకుని, తాగకుండా చాలాసేపు మా అమ్మ మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. అమ్మ "తాగమ్మా, చల్లారిపోద్ది" అంది. అమ్మ రోజూ తెల్లవారుజామున పలికే ఆ పేరు ఎక్కడికి పోతుందో నాకు ఆ పొద్దున అర్థమైంది.

తర్వాత నేనూ తండ్రినయ్యాను. బ్యాంకు ఉద్యోగం, బదిలీలు, రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరడం. పిల్లలు సండే స్కూలుకి వెళ్లేవారు, మే నెలలో సెలవుల బైబిలు బడి వీబీఎస్‌కి వెళ్లేవారు, కంఠత వాక్యాల పోటీల్లో గిన్నెలూ గ్లాసులూ గెలిచి తెచ్చేవారు. అది చూసి నా వంతు పని జరిగిపోతోందనుకున్నాను. జరగలేదు. సాయంత్రం ప్రార్థన నా భార్య ఒక్కతే చేయించేది. పదేళ్ల నా కొడుకు ఒకరోజు, "నాన్నా, పెద్దయ్యాక ప్రార్థన మానెయ్యొచ్చా?" అని అడిగాడు. వాడు మారాంగా అడగలేదు, తెలుసుకోవాలనే అడిగాడు. ఆ మర్నాటి నుంచి ఎంత ఆలస్యమైనా వాళ్ల మంచం పక్కన మోకరించి, వాళ్ల పేర్లు పైకి చెప్పేవాణ్ని. నిద్రపోయారో, నాలాగే దొంగనిద్రో నాకు తెలియదు. ఒకసారి చుట్టాల ముందు వాణ్ని అనకూడని మాట అన్నాను. క్షమించమని అడగడానికి నాకు రెండు రోజులు పట్టింది. నాన్న నిజం తెలిసిన మరుక్షణమే అడిగాడు.

నాన్న పోయాక అమ్మ హైదరాబాదులో నా దగ్గరే ఉంది. చివరి రెండేళ్లు మతిమరుపు బాగా ముదిరింది. గ్యాసు పొయ్యి దగ్గర నిలబడి ఊదగొట్టం ఏదని అడిగేది. నన్ను గుర్తుపట్టేది కాదు. అన్నం పెడితే, "మీరు మా పంతులుగారికి ఏమవుతారయ్యా?" అని మర్యాదగా అడిగేది. డాక్టరుగారు ముందే చెప్పారు, పాతవి ఉంటాయి, కొత్తవి ఉండవు అని.

ఒక తెల్లవారుజామున వంటింట్లో అలికిడైతే లేచాను. లైటు వేయలేదు. అమ్మ టైల్స్ నేలమీద మోకాళ్ల మీద ఉంది, తలమీద కొంగు. గొంతు వినబడుతోంది. నేను హాల్లో చీకట్లో ఆగిపోయాను. నాన్న పేరొచ్చింది. అక్కకి దగ్గు తగ్గాలి. తర్వాత కొంచెం ఆగింది, మరిచిపోయిందేమో అనుకున్నాను.

"పెద్దోడికి లెక్కలు రావు ప్రభువా" అంది. "పొద్దున్నే పరీక్ష."